నాలుగున్నరకు లేచి నిలబడిన తరగతి

పందొమ్మిది వందల తొంభై మూడవ సంవత్సరం ఆగస్టు రెండవ తేదీన మన శిక్షణ కేంద్రంలో కంప్యూటర్ ఆపరేటర్‌గా అడుగుపెట్టి, ఈ నెలాఖరున సిస్టమ్స్ విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న మన ‘టెంప్లేట్ మేడం’ గారికి ఈ అక్షరాభినందన. చేరిన కొత్తలో వారికిచ్చిన గదిలో ఏసీ గాలి యంత్రాలకే తప్ప మనుషులకు తగిలేది కాదట. యంత్రాలతో వారి స్పర్ధ అప్పుడే మొదలైంది.

కాలక్రమేణా ప్రోగ్రామర్‌గా, ఆపై ప్రయోగశాల బాధ్యురాలిగా వారు ఎదిగే నాటికి, ఒకే సర్వర్‌లో అనేక కంప్యూటర్లు విడివిడిగా నడిచే వర్చువల్ మెషీన్లు వచ్చాయి. గదిలో చోటు కలిసొచ్చింది గాని మేడం సమయం కలిసిరాలేదు. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా అభ్యర్థికొక మెషీన్ చొప్పున, ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుకొని తెలుగు ఫాంట్ల దాకా అన్నీ ఎక్కించాలి. బ్యాచ్ వెళ్లగానే అన్నీ తుడిచేసి, మళ్లీ మొదటికి రావాలి. ఆ చాకిరీని వారు విసుక్కుంటూనే, ఒక్క లోపం లేకుండా నిర్వహించారు.

ఇంతలో, చిత్రలేఖన ఉపాధ్యాయులైన వారి భర్తగారికి పక్షవాతం వచ్చి ఎడమకాలు పట్టుతప్పింది. రోజూ సాయంత్రం పట్టుకుని నడిపించాలని, మానితే కాలు బిగుసుకుపోతుందని వైద్యులు హెచ్చరించారు. ఇక్కడేమో మెషీన్లు ఒక పట్టాన వదలవు. ఆ సంకటంలోనే మేడం ఒక ఉపాయం పన్నారు. ఒక్క మెషీన్‌ను సర్వాంగ సంపూర్ణంగా సిద్ధం చేసి, దాన్ని టెంప్లేట్‌గా, అంటే మూసగా, భద్రపరిచి, మిగిలినవన్నీ దాని నకళ్లుగా తీశారు. రోజుల తరబడి సాగే పని టీ చల్లారేలోగా ముగిసింది.

అయితే తొందరలో ఒక చిన్న పొరపాటు దొర్లింది. ఆ మెషీన్‌లో తమకోసం పెట్టుకున్న రిమైండర్‌ను తీసెయ్యడం మరిచిపోయారు. మర్నాడు నాలుగున్నరకు తరగతిలోని తెరలన్నింటి మీదా ఒకే మాట ప్రత్యక్షమైంది: ‘ఇక లే. ఆయన్ని నడిపించాలి.’

అభ్యర్థులు ఒకరి తర్వాత ఒకరు లేచి నిలబడ్డారు. ముందు వరుసలోని అకౌంట్స్ అధికారి అయోమయంగా అడిగారు.

“ఎవర్ని నడిపించాలి మేడం?”

“అయ్యో రామ! మా ఆయన్నండీ.”

“మరింకా ఇక్కడే ఉన్నారేంటండీ? ముందు బయల్దేరండి! మెషీన్లు మేం కట్టేసుకుంటాంలెండి.”

తరగతి గొల్లుమంది. మేడం సిగ్గుతో ఎర్రబడ్డా, ఆ రోజు వేళకు ఇల్లు చేరారు. నాటి నుంచి టెంప్లేట్ భద్రపరిచే ముందు తమ పాస్‌వర్డ్, మెషీన్ పేరు, సొంత ఆనవాళ్లు అన్నీ తుడిచారో లేదో మరొకరి చేత చూపించుకోవడం వారికి నియమమైంది. ఆ రిమైండర్‌ను మాత్రం వారు తీసేసిన ప్రతిసారీ మనమే మళ్లీ పెట్టాం. అందుకే ఎంత పని ఉన్నా మేడం సాయంత్రాలు మేడంకు దక్కాయి.

విరమణ దగ్గరపడే కొద్దీ, తాము లేకపోతే ఈ పని ఏమవుతుందోనన్న బెంగ వారిని పట్టుకుంది. గతవారం మన నెట్‌వర్క్ ఇంజనీరు వారిని కుర్చీలో కూర్చోబెట్టి, “మీరు మౌస్ ముట్టుకుంటే ఒట్టే!” అంటూ కొత్త టెంప్లేట్, నకళ్లు తానే సిద్ధం చేశారు. మెషీన్లు ఒక్కొక్కటిగా లేచాయి. రెండింటికి ఒకే పేరు రాలేదు, నెట్‌వర్క్‌లో ఒకదానితో ఒకటి కొట్టుకోలేదు.

“హమ్మయ్య! గుండెల మీంచి బరువు దిగిందయ్యా,” అన్నారు మేడం.

సరిగ్గా అప్పుడే నాలుగున్నరైంది. ఈసారి తెరల మీది మాటను మనం ముందే మార్చి ఉంచాం: ‘లేవండి మేడం. ఆయనే నడిచొచ్చారు.’

వెనుదిరిగి చూస్తే, చేతికర్ర లేకుండా, గుమ్మం పట్టుకుని ఆయాసపడుతూ భర్తగారు.

“మెట్లెక్కారా? ఒక్కరే?”

“రోజూ నువ్వే వస్తావా ఏంటి? ఇవాళ నేనొచ్చా. పద.”

మేడం ఏడ్చారు. మనలో చాలామందిమీ ఏడ్చాం.

ఇకపై సాయంత్రాలే కాదు, ఉదయాలూ మధ్యాహ్నాలూ వారివే. ఆ దంపతులు ఆయురారోగ్యాలతో, ఒకరినొకరు పట్టుకోవలసిన అవసరం లేకున్నా పట్టుకునే, చిరకాలం కలిసి నడవాలని మనసారా కోరుకుంటున్నాం. ఇక్కడ రోజూ నాలుగున్నర అవుతూనే ఉంటుంది. ఆ వేళకు మేమంతా ఒకసారి లేచి నిలబడతాం.