మొదటి వరుసలో చాప

రథసప్తమి తెల్లవారుజామున, మైసూరులో సామూహిక సూర్యనమస్కారాలకు వచ్చిన ఇద్దరు తోడికోడళ్ల మాటలివి.

"అక్కా, వెనక వరుసకు వెళ్దాం రా. అందరూ చూస్తారు."

"ఏం చూస్తారే?"

"ఆపరేషన్ అయిన వైపు దూది పెట్టుకోలేదు నువ్వు. చదునుగా తెలిసిపోతోంది."

"పోయినేడు పెట్టుకున్నాగా! ఛాతీ నేలకు ఆనించగానే జారి మెడ దగ్గరకొచ్చింది. నమస్కారం సూర్యుడికి, ధ్యాసంతా దూది మీద."

"నవ్వకక్కా. దేవుడి ముందు నిండుగా ఉండాలంటారు కదా?"

"నేనూ అదే ఆలోచించాను. ఒక రొమ్ము పోయిందనీ, ప్రాణం మిగిలిందనీ ఆయనకు తెలియదా? ఇక దాచేది ఎవరి దగ్గర?"

"ఎదురింటి పుట్టగౌరమ్మ ఊరుకుంటుందా?"

"సూర్యుడు ఎదురుగా ఉండగా నన్ను చూస్తే, అది ఆవిడ తప్పు. నా చాప ఇటివ్వు."

"ఎక్కడ వేస్తావు?"

"ఎప్పటి చోటే. మొదటి వరుసలో."

"సరే, కాస్త పక్కకు జరుగు. నాదీ ఇక్కడే పరుస్తాను."