ఏనుగు లేని తొండం

యానాం, 1955, కార్తీకమాసం. కచేరీ వరండాలో దుబాసి లూయిస్ బల్ల. బల్లకి ఇవతల నిలబడ్డది దరియాలతిప్ప భవాని.

"ఏనుగేంటండి?"

"నేనూ అదే అడుగుతున్నాను భవానీ. ఏనుగేంటి?"

"నన్నడుగుతారేంటండి? కాగితం మీ చేతిలో ఉంది."

"పుదుచ్చేరి నుంచి వచ్చింది. తెలుగులో చెబుతాను విను. 'యానాం రేవు పడవ నడుపు పాపారావును తొండముతో ఎత్తుకొనిపోయిన ఏనుగు ఎవరిది? దాని యజమాని పేరు, ఊరు తెలుపవలెను. యానాంలో ఏనుగును ఉంచుకొనుటకు అనుమతి ఎవరిచ్చిరి?'"

"ఓరి నాయనో!"

"నవ్వకు. లోపల అయ్యగారున్నారు."

"నవ్వక ఏడవమంటారా? ఐదు నెలలుగా జవాబు కోసం తిరుగుతుంటే, ఏనుగు ఎవరిదని అడుగుతారా? మా తిప్పలో గేదెని కట్టుకోడానికే చోటు లేదు. ఏనుగుని ఎక్కడ కడతామండి?"

"తప్పు నీదే. ఆ రోజు వచ్చి ఏమన్నావు? 'తొండం దిగింది, ఆయన పోయాడు.' అన్నావా, లేదా?"

"అన్నాను. ఇప్పుడూ అదే అంటాను. తొండం దిగింది, ఆయన పోయాడు."

"నేనూ తొండం అనే రాశాను. ఫ్రెంచిలో ఏనుగు తొండాన్ని త్రోంప్ అంటారు. మబ్బులోంచి నీళ్ళ మీదికి దిగే సుడిగాలిని త్రోంబ్ అంటారు. ఒక్క అక్షరం తేడా. రెండోది నాకు తట్టలేదు. అంతే."

"ఒక్క అక్షరం సందులోంచి ఏనుగు దూరిందన్నమాట."

"ముప్పై ఏళ్ళుగా దుబాసీ చేస్తున్నాను. ఇంతవరకూ నా రాత తప్పని ఒక్కరూ నోరెత్తలేదు."

"ఎత్తినా ఆ మాట ఫ్రెంచిలో చెప్పాల్సింది మీరేగా బాబుగారూ!"

"సరే, సరే. దెప్పింది చాలు. నీకు కావలసింది పడవ పట్టా. అంతేనా?"

"అంతేనండి. మీవాళ్ళు రేవులో పడవకి గొలుసేసి తాళం పెట్టారు. ఐదు నెలలుగా ఎండకీ వానకీ పగుళ్ళిస్తోంది. ఇంకో వేసవి తిన్నదంటే పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు. పట్టా నా పేర రాయండి, రేపే నీళ్ళలోకి దింపుతాను."

"పట్టా ఉన్నవాడు పోతే భార్యకి ఇస్తారు. ఆడవాళ్ళకి ఇచ్చే దారి అదొక్కటే. కాబట్టి పాపారావు ఎలా పోయాడో నలుగురూ నమ్మేలా రాయాలి. ఏనుగూ వద్దు, తొండమూ వద్దు. గాలివాన వచ్చింది, పడవ ఊగింది, పడి మునిగిపోయాడు. అలా రాసేస్తాను."

"ఆయన మునగడండి."

"గోదావరిలో ఎంతమంది మునగలేదు?"

"ఎంతమందైనా మునిగుండొచ్చు. ఆయన మునగడు. పుట్టి నడక రాకముందే ఈత వచ్చిందని మా అత్త చెప్పేది. రేవులో ఎవరినైనా అడగండి."

"ఎంత ఈతగాడైనా గాలివానలో..."

"గాలివానే లేదంటుంటే! ఎండ పేలిపోతోంది ఆ రోజు. చిటికెడు వాన పడలేదు."

"కాగితం మీద పడితే నీకేం నష్టం?"

"గాలివానని రాస్తే నేను పడవని దేన్నించి దాటించుకొచ్చానో ఎవరికి తెలుస్తుందండి? గాలివానలో పడవ నడపడం మా తిప్పలో పదేళ్ళ పిల్లకీ వచ్చు. ఇప్పటికే రేవులో నవ్వుతున్నారు. కాస్త గాలి కొడితే భవాని బెదిరి తొండం తొండం అని అరిచిందట అంటున్నారు. ఉన్నది ఉన్నట్టు రాయండి."

"అయితే మొదటినుంచీ చెప్పు. రాసుకుంటాను. ఎక్కడ బయలుదేరారు?"

"ఎదుర్లంకలో. మిట్టమధ్యాహ్నం. ఆరుగురు ఎక్కారు. తెరేసమ్మ ఉంది, ఎనిమిదో నెల, పురిటికి పుట్టింటికి వస్తోంది. వాళ్ళమ్మ ఆరోగ్యమ్మ. కోళ్ళ గంపతో లక్ష్మణరావు. పెళ్ళి కబురు చెప్పడానికి బయలుదేరిన ముసలాయన ఒకాయన, గొడుగుతో. ఆయనతో ఇద్దరు ఆడవాళ్ళు. ఆయన చుక్కాని దగ్గర..."

"ఏ ఆయన? గొడుగాయనా?"

"మా ఆయనండి. నేను ముందు గెడ దగ్గర."

"ఊఁ. తర్వాత?"

"నది సగం దాటాం. సముద్రం వైపు ఒక్క మబ్బు. ఒక్కటే. మిగతా ఆకాశమంతా ఖాళీ. ఆ మబ్బు అడుగు పాలకొచ్చిన గేదె పొదుగులా వేలాడుతోంది. చూస్తుండగానే దాని కొసన సన్నగా తోకలాంటిది జారింది."

"తోకా, తొండమా? సరిగ్గా చెప్పు తల్లీ. మళ్ళీ ఏ జంతువు పేరో రాస్తానేమో."

"ముందు తోకేనండి. కిందికి వస్తూ వస్తూ లావైంది. అది ఇంకా నీళ్ళకి అందనే లేదు, కింద నీళ్ళు ఉడికే అన్నంలా కుతకుతలాడటం మొదలెట్టాయి. పైనుంచి అది, కిందనుంచి ఇవి. రెండూ కలిశాయి. కలిశాక చూడండి... నించుంది. ఆకాశానికీ గోదారికీ మధ్య నించుంది. నించుని నడిచింది."

"మీ వైపా?"

"ఇంకెవరున్నారండి అక్కడ?"

"ఎంత దగ్గరికి వచ్చింది?"

"ఈ కచేరీ మెట్ల నుంచి ఆ జెండా కొయ్య ఎంతో, అంత."

"దేవమాతా!"

"ఆరోగ్యమ్మా అదే అంది. ఆ మోతలో ఆవిడ నోరు కదలడమే కనిపించింది, మాట వినపడలేదు. పది పిండిమరలు ఒక్కసారి ఆడినట్టు. చెవులు మూసుకుపోయాయి. నీళ్ళు తెల్లగా లేవండి, బురద రంగు, మెలికలు తిరుగుతూ పైకి పోతున్నాయి. నడుమ బోలు. వెదురు బొంగులోకి చూసినట్టు లోపలికి కనిపించింది."

"లోపల ఏముంది?"

"ఏమీ లేదండి. భయమేసింది అందుకే."

"ఊఁ. రాశాను. చెప్పు."

"తెరచాప చిరిగింది. కోళ్ళు లేచాయి. గంప కాదండి, ముందు కోళ్ళు. కాళ్ళకి కట్టిన తాళ్ళతో సహా అలా లేచి తిరుగుతూ పోయాయి. లక్ష్మణరావు వాటి వెనక లేవబోతే ఆరోగ్యమ్మ పంచె పట్టుకుని కూలేసింది. గొడుగు పోయింది. ముసలాయన మాత్రం పిడి వదల్లేదు. పిడి ఉంది, గొడుగు లేదు."

"పాపారావు?"

"తెరచాప తాడు బిగుసుకుపోయింది. పడవ ఒరిగిపోతోంది. చేపలు కోసే కత్తి ఉంది నా దగ్గర, దాంతో తాడు తెగ్గోశాను."

"నేను పాపారావు సంగతి అడిగాను."

"వస్తున్నానండి. తాడు తెగింది, చాప పోయింది, పడవ లేచి కూర్చుంది. ఆ కత్తే తొండానికి చూపించాను."

"కత్తి చూపించడమేంటి?"

"మావాళ్ళు చేస్తారండి. సముద్రంలో తొండం దిగితే కత్తి చూపించి తిడతారు. ఎంత గట్టిగా తిడితే అంత దూరం పోతుందని."

"తిట్టావా?"

"తిట్టకుండానా!"

"ఏమని?"

"ఆ మాటలు ఫ్రెంచిలో ఉండవులెండి."

"పోయిందా మరి?"

"ఎక్కడండి! ఇంకా దగ్గరికొచ్చింది. అప్పుడు తెలిసింది, తిట్లు చెవినెక్కవని. దాని ముందు పరుగెడితే వెనకనుంచి మింగుతుంది. చుక్కాని అడ్డంగా తిప్పి, గుండెలకి అదిమి పట్టుకుని, పక్కకి లాగాను. మెడ కింద ఈ మచ్చ చూశారా? ఎముక విరిగింది. అయినా వదల్లేదు. అది మా వెనకనుంచి, ఇదిగో ఇంత సందులోంచి పోయింది. పడవలోకి మోకాటిలోతు నీళ్ళు. తెరేసమ్మ పెద్ద పొట్టతో గొడుగు పిడి పట్టుకుని కూర్చుంది, ముసలాయన చేతిలోంచి ఎప్పుడు లాక్కుందో!"

"ఇదంతా నిజమేనా భవానీ?"

"ఆ సాయంత్రం అగ్రహారంలో చేపలు పడ్డాయి, గుర్తుందా?"

"పడ్డాయి. మిద్దెల మీద, పెరళ్ళలో. మా ఇంట్లోనూ చెప్పుకున్నారు."

"ఉమామహేశ్వరంగారు మడిబట్టలు ఆరేసుకుంటే వాటి మీద పడ్డాయట. మూడుసార్లు స్నానం చేశారట పాపం. ఆ చేపల్ని ఎవరు మోసుకెళ్ళి పోశారు? ఏనుగా?"

"సరే. నమ్మాను. త్రోంబ్ అనే రాస్తాను. అక్షరం రెండుసార్లు చూసుకుంటాను. ఇంక అసలు సంగతికి రా. నువ్వు గెడ దగ్గరున్నావన్నావు. చుక్కాని నీ చేతికెలా వచ్చింది?"

"ఖాళీగా ఉంటే పట్టుకున్నాను."

"పాపారావు ఏమయ్యాడు?"

"పడవలో లేడు."

"అంతకుముందు ఉన్నాడు, ఆ తర్వాత లేడు. మధ్యలో ఏమైంది? లేచాడా?"

"లేచాడు."

"తొండంతోపాటు లేచాడా?"

"తొండాన్ని చూసి లేచాడు."

"లాగేసిందా?"

"నేను చుక్కాని చూసుకుంటున్నానండి అప్పుడు."

"సూటిగా చెప్పవేం? మిగతావాళ్ళు చూశారా?"

"వాళ్ళని మీరెప్పుడైనా అడిగారా?"

"అడగలేదు. నీ మాట చాలనుకున్నాను. భార్యవి కదా."

"చాలనుకున్నారు."

"ఇంకోటి అడుగుతాను, కోప్పడకు. ఐదు నెలలైంది. బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. రేవులో ఆడవాళ్ళు గుసగుసలాడుతున్నారు. పుదుచ్చేరి నుంచి ఎవరైనా వచ్చి చూస్తే ఏమనుకుంటారు?"

"నా బొట్టు కూడా పుదుచ్చేరి చూడాలా?"

"లోకం తీరు చెబుతున్నాను."

"లోకం ఆ రోజు పడవలో లేదండి."

"నీతో మాట్లాడటం నావల్ల కాదు. ఇదిగో, మంచి కాగితం మీద రాశాను. సుడిగాలి, నువ్వు చెప్పినట్టే. చివర ఒక్క మాట నేను కలిపాను, అది లేకపోతే పట్టా రాదు. 'నా భర్త పాపారావు ఆ సుడిగాలిలో మరణించాడని దేవుని ఎదుట ప్రమాణం చేస్తున్నాను.' ఇక్కడ వేలిముద్ర వెయ్యి. వారంలో పట్టా నీ చేతిలో ఉంటుంది. గొలుసు నేనే దగ్గరుండి తీయిస్తాను."

"వారంలోనా?"

"వారంలో. ఏం, చెయ్యి వెనక్కి తీసుకుంటావేం?"

"మరణించాడని ఎవరన్నారండి?"

"ఎవరంటే? నువ్వే!"

"నేను పోయాడన్నాను."

"పోయాడంటే చచ్చాడనేగా!"

"మీరలా అనుకున్నారు. ఏ ఒడ్డుకి పోయాడని అడగలేదు."

"భవానీ..."

"తొండాన్ని చూసి లేచాడు. చుక్కాని వదిలాడు. నా వైపు చూశాడు కూడా. దూకాడు. ఎదుర్లంక వైపు ఈదుకుంటూ పోయాడు. ఒడ్డెక్కాడో లేదో నాకు తెలీదు. తెలీకుండా బొట్టెందుకు తీస్తాను?"

"ఇప్పుడు తెలిసిందా?"

"నిన్న పొద్దున్న వచ్చాడు. కొత్త చొక్కా. కాకినాడలో ఉన్నాడట ఇన్నాళ్ళూ, ముఖం చెల్లక. 'పట్టా నా పేరనే ఉంది, కచేరీకి పోయి గొలుసు తీయిస్తాను, పడవ నాది' అన్నాడు."

"పిచ్చిదానా! ఈ సంగతి నాతో ఎందుకు చెప్పావు? నోరు మూసుకుని వేలు అద్దేసి ఉంటే, వాడు వచ్చేసరికి పట్టా నీదై ఉండేది! మొగుడు బతికున్న ఆడదానికి పట్టా ఇచ్చే దారి లేదు. విన్నావా? ఆ చట్టం యానాంలో లేదు, పుదుచ్చేరిలో లేదు, ఫ్రాన్సులో కూడా లేదు!"

"చచ్చినవాడి పెళ్ళానికిచ్చే పట్టా నాకొద్దండి. పడవని ఒడ్డుకి తెచ్చినదాన్ని, ఆ పేరు మీద ఇవ్వండి. చట్టం లేకపోతే ఇవాళ రాయండి. మెట్ల దగ్గర ఆరుగురూ వచ్చి నిలబడ్డారు, తెరేసమ్మ చంకలో బిడ్డ కూడా ఉంది. వాళ్ళ వెనకాల కొత్త చొక్కాతో ఉన్నాడే, ఆయనే మా ఆయన, నేనే రమ్మన్నాను. అందర్నీ పిలవండి, పోయిందెవరో ఉన్నదెవరో ఆయన ముందే అడిగి రాయండి."