మూడో పిన్ను

ఆగు అబ్బాయ్, పంపుని అలా వైరు పట్టుకుని లాగకు. కింద రెండు చేతులూ వేసి ఎత్తు.

ఏంటీ, మూడేళ్ళుగా మూలన పడుంది, తుప్పు పట్టి ఉంటుందా? వెనక ఫ్యాను తిప్పి చూడు. తిరిగిందా? బిగుసుకుపోకుండా నెలకోసారి నేనే చేత్తో తిప్పుతున్నా. కాయిలు కూడా కొత్తగా చుట్టించా. లోపల చుక్క నీరు లేకుండా వంచేసి, నేల చెమ్మ తగలకుండా చెక్క మీద పెట్టి, పాత చీర కప్పా. ప్లాస్టిక్ కప్పితే లోపల చెమ్మ పడుతుందట. మీ అన్నే చెప్పేవాడు. పంపులు బాగుచేసే మనిషాయె, అన్నం తింటున్నా అదే గొడవ.

మొగుడి వస్తువుని ఎంత అపురూపంగా చూసుకుంటోందో అని ఇరుగుపొరుగు మెచ్చుకుంటారు. మెచ్చుకోనీలే.

ప్లగ్గు చూసి ముఖం అలా పెట్టావేం? అవును, ఎర్తుకుండే లావు పిన్ను లేదు. మీ అన్న పోయిన రోజు నువ్వూ చూశావుగా. చూసి ఏమన్నావ్? "ఎర్తు లేకుండా పంపు వెయ్యొద్దని ఊరందరికీ చెప్పి, సొంతింట్లో పిన్ను పీకేసుకున్నాడు" అన్నావ్. నలుగురూ అదే పాట. నేను గుమ్మంలో కూర్చుని అంతా విన్నా.

కూర్చో. నిలబడి వినే మాట కాదు.

ఆ పొద్దున పెరట్లో స్విచ్ బోర్డు పనిచెయ్యలేదు. వంటింట్లో ఉన్నదేమో రెండు బెజ్జాలది. డ్రమ్ము ఖాళీ. సాయంత్రం వచ్చి చూస్తా, అందాకా ముట్టుకోకు అని వెళ్ళిపోయాడు మీ అన్న. ఊళ్ళో పంపులన్నిటికీ పొద్దున్నే తీరిక, ఇంటి పంపుకేమో సాయంత్రం! ఒళ్ళు మండింది. స్క్రూ తిప్పి లావు పిన్ను ఊడదీశా. కిటికీలోంచి వైరు లాగి వంటింట్లో దోపా. పంపు తిరిగింది. ఇంతేనా, దీనికింత బడాయా అనుకున్నా.

మనసొప్పలేదేమో, మధ్యాహ్నానికే వచ్చేశాడు. పెరటి వైపు నుంచి వచ్చాడు, ప్లగ్గు ఎక్కడుందో చూడలేదు. వేడెక్కిందేమోనని తడిచెయ్యి పంపు మీద వేశాడు. ఎర్తు తనే వేసుకున్నాడు కదా, భయమెందుకు? అప్పటికే కరెంటు పంపు ఒంటికి పాకి ఉంది.

ఇదిగో పిన్ను. సూదుల డబ్బాలో దాచా. తీసుకో, చెయ్యి చాపు. బిగించుకుని వాడుకో. రేపు నలుగురూ కూడినప్పుడు ఆ పాత మాట నన్ను అను. మీ అన్నని అనకు.

ఏం, పంపు కింద పెట్టేశావ్? పట్టుకెళ్ళు. బాగానే పనిచేస్తుంది.