మూడోది పలకలేదు

మా అత్తగారు వరహాలమ్మ, ఆవిడకి దేవుడన్నా భయమే, దెయ్యమన్నా భయమే. ఏమైందంటే, ఓ కార్తీకంలో మా ఆడపడుచు కనకానికి పొద్దున్నే నొప్పులొచ్చాయి. పైగా, "అమ్మా, నిన్నట్నుంచి బిడ్డ కదలట్లేదే" అంది. ఆసుపత్రేమో కొండకి అవతల. మా ఆయన కారు తీశారు, వెనక కనకం, పక్కన మా అత్తగారు, ఆవిడ సంచిలో ఓ కొబ్బరికాయ. నేను ఇంట్లో దీపం దగ్గరే ఉండిపోయాను, తక్కినదంతా వాళ్లు చెప్పిందే అనుకోండి. కొండ ఎక్కుతుంటే పెద్దమలుపు వస్తుంది చూడండి, అంతకుముందేడు ఒకావిడ లారీ కిందపడి పోయిన చోటు, సరిగ్గా అక్కడే కారు వణకటం మొదలెట్టిందంట. చలిజ్వరం మనిషిలాగ వణికి వణికి, పైకి పోలేక ఆగిపోయిందంట. మా ఆయన తాళం తిప్పటం, అది వణకటం, ఆగటం. "ఆవిడేరా ఆపింది, పురిటిమనిషిని చూసింది" అని మా అత్తగారు అనేసరికి కనకం బిగుసుకుపోయిందంట.

అదృష్టం, అటే బండి మీద పోతున్న మెకానిక్ బాజీ ఆగాడు. బానెట్టు ఎత్తి, కారు ఆగిపోకుండా మా ఆయన్ని ఎక్సిలేటరు తొక్కిపట్టమని, పొడుగు స్క్రూడ్రైవరు కొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడంట, డాక్టరు గొట్టం పెట్టినట్టు. "పెట్రోలు చిమ్మేవి నాలుగుంటాయమ్మా, ఇంజెక్టర్లు. ప్రతీదీ టిక్కుటిక్కుమనాలి" అన్నాడంట. ఒకటోది టిక్కుటిక్కు, రెండోది టిక్కుటిక్కు. మూడోది పలకలేదు. నాలుగోది టిక్కుటిక్కు. "మూడోది మూగబోయింది" అన్నాడంట. కనకం కడుపు మీద చెయ్యేసుకుని, "నాదీ పలకట్లేదు" అందంట.

బాజీ ఆ మూడోదానికి కరెంటు తెచ్చే తీగ ప్లగ్గు ఊడదీసి, దాన్లో బుల్లి బల్బు గుచ్చాడు. ఇంజను తిప్పితే మిణుకుమంటే తీగ మంచిదే, ఇంజెక్టరే పోయిందని. మిణుకుమనకపోతే కరెంటే రావట్లేదని. తిప్పారు. బల్బు వెలగలేదు. ఇంక మా అత్తగారు ఆగలేక, కొబ్బరికాయ తీసి ఇంజను మీదకి ఎత్తిందంట! "ఆగమ్మా! దాన్నెత్తిన కొడతావా?" అన్నాడంట బాజీ.

"దసరాకీ అలాగే కొట్టాను బాబూ. నీళ్లు కూడా లోపలికి పోశాను, పసుపు కలిపి. పైపైన చేస్తే దానికి పూజ అందుతుందా?"

బాజీ ఆ ప్లగ్గు ఆవిడ కళ్ల ముందు పెట్టాడు. లోపలంతా పచ్చటి చిలుం, అంచున ఎండిన పసుపు. ఆవిడ తన గాజులకున్న పిన్నీసు తనే తీసిచ్చింది. ఆ పిన్నీసుతో గీకీ గీకీ మళ్లీ బల్బు పెడితే, మిణుకూ మిణుకూ. ప్లగ్గు బిగించగానే నాలుగూ పలికాయి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గొట్టం పెట్టి ఇటు వెతికి, అటు వెతికి, ఎంతకీ ఏమీ చెప్పదంట. మా అత్తగారు గోడకి ఆనుకుని, "నేనే చేశాను, నేనే చేశాను" అంటోందంట. అప్పుడు డాక్టరమ్మ తలెత్తి, "కొట్టుకుంటోంది" అంది. ఆ బిడ్డే ఇదిగో, మీ అందరికంటే ముందు కూచుని నన్ను మాట్లాడనివ్వకుండా వాగుతోందే, ఇదే. ఇప్పుడు దసరాకి కారుకి కొబ్బరికాయ నేనే కొడతాను, బానెట్టు మూసి, టైరు ముందు. ఆ పైవాడికి బానెట్టు ఎత్తి చూపించక్కర్లేదులెండి.