స్టీలు పల్లూ, కరియ పొట్టేలూ

"తాతా, నవ్వాకు. శెనక్కాయ పాకం కొరికితే పంటి క్యాపు ఊడొచ్చింది. ఎల్లుండి అనంతపురంలో ఇంటర్వ్యూ ఉండాది. నేను నోరెట్ల తెరిచేది?"

నవ్వలేదు లేమ్మా. నవ్వలేదంటే... నవ్వినా, రోంత నవ్వినా. నిన్ను చూసి కాదు పాపా, పాకమంటివి చూడు, దానికి నవ్వొచ్చె. ఆ పాకమే మా కొంప గూడా ముంచబోయింది ఒగసారి. ఏదీ, ఆ క్యాపు యాడ పెట్టినావు? గుడ్డలో కట్టి జాగ్రత్తగా పెట్టుకో. కూర్చో ఈడ, మంచం మింద. ఏడ్వాకు. నీ మాదిరే నాకూ ఒగ టోపీ ఉండె పంటికి, స్టీలుది. నీకెవరూ చెప్పల్యా? మీ నాయనకు తెలుసే! వాడేం చెప్తాడులే, వానికి సెల్లు చూసుకునేదానికే పొద్దు చాలదు.

మనకప్పుడు గొర్రెలే కదమ్మా. మడకశిర పక్క మన ఊర్లో భూమి ఉంటే ఉండె, వాన పడితేనే కదా భూమి. గొర్రెలే బువ్వ పెట్టేది. ఆ మందలో కరియ అని ఒగ పొట్టేలు. మొగమంతా నలుపు, అందుకే కరియ. పుట్టినప్పుడే తల్లి చచ్చిపోతే మీ అవ్వ ఇంట్లో పెట్టుకోని గిన్నెతో పాలు తాపి సాకింది. నా కంటే దానికే ఎక్కువ మర్యాద ఇంట్లో. నిజం చెప్తాండా.

ఒగనాడు దాని కాల్లో ముల్లు దిగింటే తీద్దామని వంగినా. ముల్లు పట్టి లాగేసరికి అది ఎగిరి తలెత్తె. కొమ్మొచ్చి మూతికి తగిలె. అంతే, ముందు పల్లు సగానికి విరిగి చేతిలోకొచ్చె. రక్తం కారతాంటే మీ అవ్వ పరిగెత్తుకోనొచ్చి, నన్ను గాదు, దాన్ని చూస్తాది! "ముల్లు వచ్చిందా?" అంటాది. ఆయమ్మ అట్లాంటిది.

నొప్పి సంగతి వదిలేయి. ఈల పోయె నాకు. మేము ఈలతోనే కదా గొర్రెల్ని తోలేది. కర్రతో కొట్టి ఎన్నిటిని తోల్తావు? ఒగ ఈల వేస్తే తలలెత్తల్ల, ఇంగొగటి వేస్తే ఎనక్కి తిరగల్ల. పల్లు విరిగినాక ఈలేస్తే ఫూ అని గాలే. గొర్రెలు నన్ను చూసి, ఎవడో దోవన పొయ్యేటోడు అనుకోని, వాటి పాటికి అవి మేస్తాండాయి. ఊర్లో వాళ్లంతా నవ్వినారు. నాకు ఎంత రోషమంటే, రెండు పూటలు అన్నం తినలేదు. తినలేదంటే తిన్యా, తక్కువ తిన్యా.

మీ అవ్వ తమ్ముడు ఓబులేసు గుంతకల్లులో రైల్వేలో ఉండె. వాడు నన్ను ఆడికి పిల్చుకోనిపోయి పండ్ల డాక్టరుకు చూపిచ్చె. ఆ డాక్టరు మంచాయప్ప. మిగిలిన మొండిని అరగదీసి, కొలత తీసుకోని, మల్లా పిలిపిచ్చి స్టీలు టోపీ తొడిగె. "బెల్లప్పాకాలు గట్టిగా కొరకొద్దప్పా" అని అప్పుడే చెప్పె. వింటిమా? ఎవురు వింటారమ్మా!

స్టేషన్లో రైలు కోసం కూర్చోని, చూద్దామని ఒగసారి ఈలేస్తి. ఏం మోత మోగిందనుకుంటివి! ముందు కంటే గట్టిగా, సూదిగా. ప్లాటుఫారం మింద జనమంతా దడదడ లేసి మూటలెత్తుకున్నారు, రైలు కదలతాందనుకోని! ఓబులేసు నన్ను తెలీనట్ల పక్కకు పోయి నిలబడుకున్యాడు. ఆ పొద్దు నాకు కలిగిన సంతోషం, మా పెండ్లినాడు గూడా కలగలేదు. మీ అవ్వ ఉన్నప్పుడు ఈ మాటంటే చెంబు తీసుకోని కొట్టేది.

గొర్రెలు గూడా కొన్నాళ్లకు ఆ కొత్త ఈలకు అలవాటు పడె. కరియ అయితే అర్ధ మైలు దూరం నుండి వచ్చేసేది.

యింగ విను. అసలు సంగతి ఈడుండాది.

తరవాత ఒగ యేడు వానల్లేవు. గొర్రెలకు మేసేదానికి కసువు లేదు, వంకల్లో నీళ్లు లేవు. మంద తోలుకోని రాయదుర్గం పక్కకు పోతిమి, నేనూ మీ అవ్వా. ఆడ బోర్లుండే రైతుల చేన్లల్లో మంద ఆపేది. రాత్రంతా గొర్రెలు పండుకుంటే పెంటికలు పడతాయి కదా, చేనుకు ఎరువు. దానికి రైతులు మాకు రాగులో జొన్నలో కొలిచేది. అట్ల బతికినాం పాపా. ఎవురినీ అడుక్కోలేదు.

ఒగ సాయంత్రం బోరు తొట్టి కాడ నీళ్లు తాపుతాంటే ఇంగొగ మంద వచ్చె. ఆ మంద తిప్పయ్యది. సంతకు గొర్రెల్ని తోలే ఆసామి, నోరు శానా పెద్దది. వాడొచ్చినాడో లేదో, సుడిగాలి లేసె. కండ్లల్లో దుమ్ము. తొట్టి కాడ రేకు ఎగిరి పడె, గొర్రెలు బెదిరి ఒగదాంట్లో ఒగటి కలిసిపోయె. దుమ్ము తగ్గి చూస్తే, వాడు మా గొర్రెల్ని గూడా కలుపుకోని తోల్తాండాడు! కరియ గూడా అందులోనే. నేను అడ్డం పోతి. "చెవి కోత చూడప్పా, ఎడమ చెవి. మాదే" అంటి. "మాది గూడా ఎడమ చెవే" అనె. చూస్తే నిజమే, రెండు మందలకూ ఒగే తీరు కోత! మేము చెవిని కోసే గుర్తే మాకు సాక్షి అనుకుంటిమి. ఇంగొగడు గూడా అట్లే కోస్తాడని యాడ తెలుసు?

పెద్ద గలాటా ఆయె. ఊరి పెద్ద వచ్చినాడు, ముసలాయప్ప, మాట తక్కువ. "ఇప్పుడు పొద్దు మునిగింది. గొర్రెలన్నీ మా దొడ్లో పెట్టండి. తెల్లారి కల్లంలో వదుల్తాం. ఎవురు పిలిస్తే ఏవి వస్తాయో అవి వాళ్లవి" అనె. నాకు లోపల ఎగిరి గంతెయ్యాలనిపిచ్చె. నా ఈల ఉండాది కదా! తిప్పయ్య మొగం మాడిపోయె.

మేము మంద ఆపిన చేను రైతు పెండ్లాం, పాపం మంచామె, మా గలాటా చూసి నా చేతిలో శెనక్కాయ పాకం ముక్క పెట్టి "తినప్పా, కోపం తగ్గుతాది" అనె. తిప్పయ్యను తిట్టుకుంటా, వాన్ని కొరికినట్ల కొరికినా దాన్ని. సగం తిని, సగం మీ అవ్వకని తువ్వాల కొసన మూట గట్టినా. గట్టి మర్చిపోతి.

తరవాత రైతు ఇంట్లో ముద్దకు కూర్చుంటి. రాగి ముద్ద, నంజుకునేదానికి శెనక్కాయల ఊరిబిండి. ముద్దను నమలం కదా మనం. ఉండ చేసి, బిండిలో అద్ది మింగేది. నాలుగు ఉండలు మింగినాక నాలిక ముందుకు పోయె. ఆడ పల్లు లేదు! మొండి ఉండాది. టోపీ లేదు!

చెయ్యి పెట్టి చూస్తి, తట్టలో చూస్తి. యాడా లేదు. "అయ్యో, ముద్దతో పాటు మింగేస్తి!" అని కేకేస్తి. అందరూ అదే అనిరి. నమిలే తిండి అయితే పంటికి తగిలేది, ముద్దలో ఏం తెలుస్తాది? సక్కగా లోపలికి పోయింటాదని. అంతలోకి ఎవడో పోయి తిప్పయ్యకు చెప్పినాడు. వాడు వాకిట్లోకొచ్చి "ఏమప్పా, రేపు ఎట్ల ఈలేస్తావు? కడుపులో నుండి వేస్తావా?" అని ఇరగబడి నవ్వె.

నాకు ఏడుపొచ్చె పాపా. దాచిపెట్టేది ఏముంది. ఆ గొర్రెలు పోతే మాకు ఇంగేం లేదు. ఊరికి వట్టి చేతులతో పోవల్ల. మీ అవ్వ మాత్రం ఏడ్వలేదు. "మింగినావు కదా, బయటికొస్తాది" అని లోటాడు ఆముదం తెచ్చి నోట్లో పోసె. వద్దంటే ఇంటాదా? యింగ తెల్లారే వరకూ నా అవస్థ ఆడపిల్లవు, నీతో చెప్పకూడదు. చెంబు, సర్కారు తుమ్మ పొదలు, అంతే నా లోకం. టోపీ మాత్రం రాలేదు!

తెల్లారె. మొగం కడుక్కుందామని చూస్తే తువ్వాల లేదు. మీ అవ్వ దూరంగా నిలబడుకోని, కింద పడున్న తువ్వాలను చూస్తాండాది. దానికి చీమలు బారులు దీరి ఎక్కుతాండాయి. మూట విప్పింది. పాకం ముక్క, దాంట్లో నా కొరుకు గుర్తు, ఆ గుర్తు మధ్యన తళతళా మెరుస్తాండాది టోపీ! నేను ముద్ద కాడ కూర్చోక ముందే ఊడిపోయింది, నా కోపంలో నాకు తెలీలేదు. అనవసరంగా ఆముదం తాగితి! మీ అవ్వ నన్ను చూసి, "నాకోసం దాచితివే అనుకున్యా. ఎంగిలి పాకం చాలదని పల్లు గూడా పెట్టి తెచ్చినావా?" అనె. అని నవ్వె చూడు, నేను గూడా నవ్వితి, ఏడుస్తానే నవ్వితి.

టోపీ దొరికితే చాల్నా, నిలబడల్ల కదా. మీ అవ్వ దాన్ని కడిగి తుడిచి, రాత్రి మిగిలిన ముద్ద రోంత తీసి బొటనవేలితో లోపలికి అదిమి, నా మొండి మింద పెట్టి గట్టిగా నొక్కె. "మాట్లాడాకు. ఒగ్గ మాట గూడా. ఈలేసేవరకూ నోరు తెరిస్తే నేనే కొడతా" అనె.

నన్నెరుగుదువు కదా. నేను నోరు మూసుకోని ఉండేటోన్నా? అయినా ఉంటి. పైన నోరు బిగబట్టి, కింద ఆముదం పని బిగబట్టి, కల్లంలో కొయ్య మాదిరి నిలబడుకుంటి. ఊరంతా వచ్చింది చూసేదానికి. గొర్రెల్ని మధ్యలో వదిలిరి. తిప్పయ్య ముందు పిలిచె. ఎట్ల పిలిచినాడంటే, తుమ్మకాయలు డబ్బాలో పోసుకోని గలగలా ఆడించె! ఆకలి గొర్రెలు కదా, అన్నీ తలలెత్తె. నాకు ఒళ్లు మండిపోయె. నోరు తెరవబోతి. మీ అవ్వ చూపు తగిలె. మూసుకుంటి.

అప్పుడు ఆయమ్మ కొంగు బిగించి ముందుకొచ్చె. అంతమంది మొగోళ్ల మధ్యన, పరాయి ఊర్లో! "పెద్దాయనా, కాయలు చూపిస్తే ఎవురి గొర్రెలైనా వస్తాయి. నువ్వు పిలిచి రమ్మంటివి, తిండి పెట్టమంటివా? నోటితో పిలవమను" అనె. పెద్దాయప్ప తలూపి, "డబ్బా కింద పెట్టు" అనె. తిప్పయ్య డబ్బా పెట్టి, "అయితే ఆయప్పనూ నోటితోనే పిలవమను, పల్లు లేని నోటితో!" అని ఎకసెక్కం చేసె. వాడు హుర్ర్ హుర్ర్ అంటే వాని గొర్రెలు రోన్ని పోయి వాని కాడ నిలబడె. మావి కదల్లేదు.

యింగ నా వంతు. నాలిక మడిచి, టోపీకి ఆనించి, దేవుడా అని ఒగ్గటే ఈల.

ఏం ఈలమ్మా అది! గుంతకల్లు స్టేషన్లో గూడా అట్ల రాలేదు. కల్లం మింద పిట్టలు లేసిపోయె. మందలో నల్ల తల ఒగటి పైకి లేసె. కరియ! వాడు నిలబడి చెవులు విదిలించి, అడ్డమొచ్చిన గొర్రెల్ని భుజంతో తోసుకుంటా, పరిగెత్తుకోని సీదా నా కాళ్ల కాడికి వచ్చినాడు. నా పల్లు ఇరగ్గొట్టిన నా కొడుకే ముందొచ్చినాడు! వాని ఎనక మావన్నీ, పెద్దవీ పిల్లలూ, వరసగా. తిప్పయ్యవి గూడా రోన్ని వచ్చె, ఈల బాగుందనుకోని! ఊరంతా కేకలు, చప్పట్లు.

ఈల ఆపినానో లేదో, టోపీ ఎగిరి పోయి పెద్దాయప్ప పంచె మింద పడె. ఆయప్ప దాన్ని రెండు వేళ్లతో పట్టుకోని, ఎగాదిగా చూసి, "సాక్షి గూడా వచ్చినాడప్పా. యింగ పంచాయితీ అయిపోయింది" అనె. జీవితంలో ఆయప్ప అంత పెద్ద మాట అనలేదంట, ఆ ఊరోళ్లు చెప్పిరి. తిప్పయ్య గొర్రెల్ని నేనే ఏరి వానికి తోలితి. "మీవి మీరు తోలుకోండప్పా, కావల్లంటే ఈల నేర్పిస్తా" అంటి. నోరు తెరిచే అంటి, బోసి నోటితోనే. నాకేం సిగ్గు? ఆ పొద్దు ఆ కల్లంలో నా అంత మొగోడు లేడు. నా కంటే పెద్ద మొగోడు ఉంటే, అది మీ అవ్వ.

ఆ ఒక్క మాట చెప్పి పెద్ద పరుగు తీసినాలే, తుమ్మ పొదల పక్కకు. ఆముదం.

ఆ తరవాత గుంతకల్లుకు పోయి ఆ డాక్టరుతోనే మల్లా పెట్టించుకుంటి. ఆయప్ప టోపీ లోపల చూసి, "ఇదేంది, రాగి ముద్దా?" అని తల పట్టుకున్యాడు. నువ్వు ముద్దా గిద్దా పెట్టాకు తల్లీ, ఆ పొద్దు మాకు వేరే దారి లేక చేసిన పని అది. రేప్పొద్దున్నే మొదటి బస్సుకు పో, డాక్టరు పెడతాడు. పెట్టేదానికి పొద్దు చాలకుంటే గూడా ఏం గాదు, ఆ ఇంటర్వ్యూకు పో. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోని మాత్రం కూర్చోవాకు. మీ అవ్వ అంతమంది ముందర నిలబడి మాట్లాడింది, నువ్వు ఆయమ్మ మనవరాలివి.

దా, తల ఇట్ల పెట్టు. చల్లగా ఉండు తల్లీ. నువ్వు నోరు తెరిచి ఒగ్గ మాటంటే, కరియ వచ్చినట్ల, అడ్డమొచ్చినోళ్లందరినీ తోసుకోని నీది నీ కాడికి రావల్ల...