తెలెస్ఫోరో సర్దిన లక్ష దారిమార్పులు

పిల్లలూ, ఈ సంగతి మీకు ఎప్పుడూ చెప్పలేదు. మీరు మాద్రిద్‌లో పుట్టి పెరిగారు. నేను సముద్రం అవతల మన దేశంలో, నది ఒడ్డునున్న కొన్సెప్సియోన్ రేవు దగ్గర, కాలిబాట మీది మామిడిచెట్టు కింద మూలికలు దంచి అమ్మిన రోజులు మీకు తెలియవు. మొన్న బడి పని కోసం ఇద్దరూ ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలోంచి రెండు పేజీలు దించుకుంటూ, ఇవన్నీ ఎవరు రాస్తారని అడిగారు. ఎవరైనా రాయొచ్చన్నాను. "ఎవరైనానా!" అని నవ్వారు. ఆ నవ్వు విన్నప్పటి నుంచి నాకు బెంగగా ఉంది. అందుకే దోన్ తెలెస్ఫోరో కథ చెబుతున్నాను. ఇందులో అబద్ధాలన్నీ ఆయనవే. నావి ఒక్కటి కూడా కలపను.

ముందు ఒక ముక్క తెలుసుకోండి. ఆ సర్వస్వంలో ఒకే వస్తువుకి పది పేర్లుంటే, ఒక పేరు మీద అసలు పేజీ ఉంటుంది. మిగతా తొమ్మిదింటి మీద "అక్కడికి వెళ్ళండి" అని చూపే ఉత్త బాణం ఉంటుంది. వాటిని దారిమార్పులంటారు. ఆ బాణాలను మళ్ళీ పాత పేర్లు, ముద్దు పేర్లు, తప్పుగా రాసే పేర్లు అని వర్గాలుగా సర్దాలి. దానికి జీతం లేదు, మెప్పు లేదు. మెప్పు లేని పనికి తెలెస్ఫోరో ఎలా దొరికాడో నాకు ఇప్పటికీ అంతు పట్టదు.

ఆయన మునిసిపాలిటీలో గుమాస్తాగా చేసి దిగిపోయిన మనిషి. రోజూ పదకొండింటికి నా బల్ల దగ్గరికి వచ్చేవాడు. నేను పుదీనా దంచి, మాతే ఆకు మీద చల్లని నీళ్ళు పోసి తెరెరె కలిపి కొమ్ము కప్పులో అందిస్తే, అది ఒకరి తర్వాత ఒకరికి తిరిగేది. లాంచీలు బాగుచేసే లిసాంద్రో కూడా అక్కడే ఉండేవాడు. ఆ రోజు న్యా దెవొలిందా వచ్చింది. మగవాళ్ళని దోన్ అన్నట్టే, మా వైపు పెద్దావిడల్ని మర్యాదగా న్యా అంటాం. నది ఎగువన పాసో ఇతా అనే చిన్న ఊళ్ళో నలభై ఏళ్ళు పాఠాలు చెప్పిన టీచరమ్మ.

"తెలెస్ఫోరో, మీరు ఆ సర్వస్వంలో పెద్దవారట కదా. నాకొక సాయం కావాలి," అంది కూర్చోకుండానే.

"పెద్దవాణ్ణని నేను అనకూడదు. జనం అంటారు."

"మా ఊరి మీద నేనొక పేజీ రాశాను. రెండు నెలలు పట్టింది. ఎవరో దాన్ని తుడిచేస్తున్నారు. రెండుసార్లు తిరిగి తెచ్చుకున్నాను, మూడోసారి కూడా తుడిచేశారు. ఈ ఆదివారం మా బడికి నూరేళ్ళ పండగ. చిన్నప్పుడే ఊరు వదిలి ఎక్కడెక్కడో స్థిరపడిన మా పాత పిల్లలకి, దారి ఆ పేజీలో చూసుకుని రండని ఉత్తరాలు రాశాను. ఇప్పుడు పేజీ లేకపోతే వాళ్ళంతా లాంచీలో ఊరు దాటిపోతారు. తుడిచేవాడెవరో నాకు తెలియాలి."

"ఎవడండీ వాడు!" అని తెలెస్ఫోరో ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. "రేపటికల్లా మీ ముందు నిలబెడతాను. నా చేతిలోంచి తప్పించుకున్నవాడు లేడు. అసలు నేనెవరో మీకు సరిగ్గా తెలిసినట్టు లేదు. కూర్చోండి, చెబుతాను."

టీచరమ్మ కూర్చుంది. ఆయన నా చేతిలోంచి కప్పు తీసుకున్నాడు.

"మొదట్లో చిన్న పనే లెండి. కర్రపెండలం. మనం మందియోకా అంటాం, పైదేశాల వాళ్ళు యూకా అంటారు, ఇంకా ఆరు రకాలుగా అనేవాళ్ళున్నారు. మొత్తం ఎనిమిది పేర్లు. ఒకదాని మీద పేజీ, మిగతా ఏడూ బాణాలు. పొద్దున్న కాఫీ చల్లారేలోగా సర్దేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"భోంచేసి పడుకున్నారు," అన్నాడు లిసాంద్రో.

"వెనిజులా నుంచి ఉత్తరం వచ్చింది! 'అయ్యా, ఇరవై ఏళ్ళుగా మా ఆవిడ యూకా అంటుంది, నేను మందియోకా అంటాను, ఇద్దరికీ మాటల్లేవు, మీ బాణం చూశాక కలిసి ఉడకబెట్టుకుని తిన్నాం' అని. చదివి ఏడ్చేశాను. సరే, ఇంతమందికి మేలు జరుగుతుంటే ఆగడమెలా అని అవొకాడో పట్టుకున్నాను. దానికి ఏడువందల పేర్లు."

"ఏడువందలా?" అన్నాను నేను.

"తక్కువ చెబుతున్నాను, న్యా బెనిగ్నా, మీరు నమ్మరని. అసలు పేజీ 'పాల్తా' మీద ఉండాలని చిలీ వాళ్ళు, 'అగ్వకాతె' మీద ఉండాలని మెక్సికో వాళ్ళు, ఇద్దరూ సరిహద్దుకి సైన్యాల్ని తెచ్చేశారు."

"చిలీకీ మెక్సికోకీ సరిహద్దు ఎక్కడుంది?" అంది టీచరమ్మ.

"అదే మరి! లేకపోయినా తెచ్చుకున్నారు. అంత పట్టుదల వాళ్ళది. నేను మధ్యలో ఒక్క బాణం పెట్టాను, తుపాకులు దించి సలాడ్ చేసుకున్నారు."

"కప్పు మైకు కాదు దోన్ తెలెస్ఫోరో. తాగి ఇటివ్వండి," అన్నాడు లిసాంద్రో. ఆయన ఒక్క గుక్క తాగాడు కానీ, కప్పు మాత్రం వదల్లేదు.

"ఇక రోజుకి నాలుగువేలు సర్దడం మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి లక్ష దాటాయి. వేళ్ళు ఎర్రగా కాలిపోయేవి. ఒకసారి ఓర్చుకోలేక చెయ్యి తెరెరె కూజాలో ముంచితే, ఐసుముక్కలతో సహా నీళ్ళు మరిగిపోయాయి. ఆ రోజు మా వీధి వీధంతా వేడి మాతే తాగింది, నడివేసవిలో. కావాలంటే అడగండి."

"ఎవర్ని అడగమంటారు?" అంది టీచరమ్మ.

"అప్పటివాళ్ళు ఇప్పుడు లేరు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బొలీవియా నుంచి ఒక అడ్మిరల్ దిగాడు మా ఇంటికి. బొమ్మలాంటి యూనిఫారం, పతకాలు, అన్నీ ఉన్నాయి, ఒక్క సముద్రం తప్ప. 'అయ్యా, మీరు తల్చుకుంటే అవుతుంది' అని చేతులు పట్టుకున్నాడు. నాకు జాలేసింది. మనకీ లేదు కదా సముద్రం, ఆ బాధ తెలుసు. 'బొలీవియా తీరం' అని ఒక దారిమార్పు పెట్టి పసిఫిక్ సముద్రం పేజీకి తిప్పాను. వర్గం దగ్గర కొంచెం ఆలోచించి, 'రాబోయే పేర్లు' అన్నాను. తెల్లారేసరికి వాళ్ళ లా పాస్ నగరంలో మెట్లమీద పీతలు!"

"అంత ఎత్తు కొండ మీదకి నడిచొచ్చాయా?"

"వాటి తిప్పలు అవి పడ్డాయి, టీచరమ్మా. తర్వాత పెరూ వాళ్ళు వచ్చి బతిమాలితే తీసేశాను. నాకు ఎవరి మీదా ద్వేషం లేదు."

నేను నవ్వాపుకోలేక రోకలి గట్టిగా దంచాను. టీచరమ్మ నవ్వలేదు. మధ్యమధ్య నదివైపు చూస్తోంది. ఎగువకి వెళ్ళే లాంచీ వారానికి ఒక్కటే, శనివారం. అంటే మర్నాడే.

"తెలెస్ఫోరో, మా ఊరి సంగతి..."

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా. దొంగని పట్టాలంటే ముందు దొంగ విద్యలు తెలియాలి కదా. మా మామ హెర్వాసియోకి తొంభై ఎనిమిదేళ్ళప్పుడు చావు వచ్చింది, చేతిలో జాబితాతో. ఇక్కడ సగంమందిని ముద్దు పేర్లతో పిలుస్తారు, ఎవరు ఎవరో చావుకి మాత్రం ఏం తెలుస్తుంది? అది కూడా ఆ సర్వస్వంలోనే చూసుకుంటుంది. నేనేం చేశాను? మామ పేరు కొడితే పక్కింటాయన పేరు చూడమని బాణం. పక్కింటాయన పేరు కొడితే మామ పేరు చూడమని బాణం. చావు ఇక్కణ్ణుంచి అక్కడికీ, అక్కణ్ణుంచి ఇక్కడికీ తిరిగి తిరిగి చెప్పులరిగిపోయి వెళ్ళిపోయింది. మామకిప్పుడు నూట ఇరవై ఆరు!"

"మార్చిలో ఆయన అంత్యక్రియలకి నేను వచ్చాను కదా," అంది టీచరమ్మ.

"అది చావు వల్ల కాదండీ. గుండె వల్ల."

లిసాంద్రో బల్ల మీద వాలిపోయి నవ్వాడు. కానీ టీచరమ్మ ముఖంలో ఏదో మారింది. క్లాసులో చివరి బెంచీలో గుసగుస వినిపిస్తే అలా చూసేదేమో.

"రెండు పేర్లు ఒకదాన్నొకటి చూపించేలా పెడితే, మధ్యలో మనిషి మాయమైపోతాడన్నమాట. బాగుంది. ఇంత పని చేసింది మీరేనని రుజువేమిటి?" అంది మెల్లగా.

"రుజువా! ప్రతి పేజీ వెనకా చరిత్ర ఉంటుంది టీచరమ్మా. ఎవరు, ఏ రోజు, ఏ నిమిషాన చెయ్యి పెట్టారో మొత్తం అందులో ఉంటుంది. సొంత పేర్లు ఉండవు, మారుపేర్లు ఉంటాయి. నా మారుపేరు కనబడితే ప్రపంచంలో ఎక్కడివాళ్ళైనా లేచి నిలబడతారు."

"ఏమిటా పేరు?"

తెలెస్ఫోరో లేచాడు. కప్పు కుడిచేతిలోంచి ఎడమచేతికి మార్చుకున్నాడు. "మహా దీపస్తంభం."

"సముద్రం లేని దేశంలో దీపస్తంభమా?" అన్నాడు లిసాంద్రో.

"అందుకే ఒక్కటే ఉంది."

టీచరమ్మ సంచీలోంచి బడి నోటుపుస్తకం తీసింది. కళ్ళద్దాలు పెట్టుకుని, హాజరు పిలిచినట్టు నిదానంగా చదివింది.

"ఏప్రిల్ తొమ్మిది, మా ఊరి పేజీ తుడిచింది మహా దీపస్తంభం. కారణం, సర్దుబాటు. జూన్ రెండు, మహా దీపస్తంభం. కారణం, సర్దుబాటు. మొన్న మంగళవారం, మహా దీపస్తంభం. ఈసారి కారణం రాసే ఓపిక కూడా లేనట్టుంది."

తెలెస్ఫోరో మెల్లగా కూర్చున్నాడు.

"ప్రభుత్వం మా ఊరికి కొరొనెల్ సర్సా అని కొత్త పేరు పెట్టింది. నా పేజీ ఆ పేరు మీద ఉంది," అంది ఆవిడ. "పాత పేరు కొట్టేవాళ్ళ కోసం అక్కడికి ఒక బాణం పెట్టుకున్నాను. మీరు పేజీ మొత్తం తుడిచేసి, దాని స్థానంలో పాత పేరు చూడమని బాణం పెట్టారు. ఇప్పుడు ఈ పేరు కొడితే ఆ పేరు చూడమంటుంది, ఆ పేరు కొడితే ఈ పేరు చూడమంటుంది. నలభై ఏళ్ళు పాఠం చెప్పిన ఊరు రెండు బాణాల మధ్య ఎక్కడా లేదు."

"అది... చిన్న పేజీ టీచరమ్మా. చదవలేదు. పాత పేర్ల వర్గం కొంచెం బోసిగా ఉందని..."

"ఊరూ చిన్నదే. చదవకుండా తుడవడానికి అది సరిపోయిందా?"

లిసాంద్రో అప్పటికే ఫోను తీసి వెతుకుతున్నాడు. "మహా దీపస్తంభం చేసిన మార్పులు మొత్తం ముప్పై ఒకటి," అన్నాడు. "కర్రపెండలం ఏడు. టీచరమ్మ ఊరు మూడు. మిగతా ఇరవై ఒకటీ తన పేరు మీద పేజీ పెట్టుకుంటే ఎవరో తీసేసినవి."

కర్రపెండలం ఏడూ నిజమే, పిల్లలూ. నేనూ చూశాను, ఏడూ సరిగ్గానే సర్దాడు. న్యాయంగా ఆ మాట చెప్పాలి.

"తిరిగి పెట్టండి," అంది టీచరమ్మ.

"దానికి పై కమిటీ అనుమతి..."

"చరిత్రలో పాత పేజీ ఉంది. దాని పక్కన మీట ఉంది. నొక్కండి."

ఆయన కప్పు నాకిచ్చి, లిసాంద్రో ఫోను అందుకున్నాడు. లక్ష సర్దిన వేలికి ఆ మీట ఎక్కడుందో వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది. చివరికి నొక్కాడు. పేజీ వచ్చింది.

"ఇప్పుడు చదవండి. పైకి. మూడుసార్లు చదవకుండా తుడిచారు కదా."

ఆయన ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. తర్వాత చదివాడు. "పాసో ఇతా. ప్రభుత్వ కాగితాల్లో కొరొనెల్ సర్సా. జనాభా రెండువందల ఆరు. ఈ ఊరికి రేవు లేదు. రావాలనుకున్నవాళ్ళు లాంచీ నడిపేవాడికి ముందే చెప్పాలి. సున్నపు గుట్ట దాటాక, ఎడమ ఒడ్డున, చెక్కమెట్ల దగ్గర దిగాలి. మెట్లు ఎక్కగానే కనబడేది బడి." ఆ తర్వాత నూరేళ్ళలో అక్కడ పాఠం చెప్పినవాళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి. అందులో ఒకరు వరదలో పిల్లల్ని పడవెక్కించి తాను ఎక్కలేకపోయినావిడ. ఆ పేరు దగ్గర ఆయన ఆగాడు. ఎవరూ ఆయన్ని తొందరపెట్టలేదు. చివరిదాకా చదివి, ఫోను బల్ల మీద పెట్టి, టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా అని అడగలేదు.

శనివారం లాంచీలో నేనూ వెళ్ళాను. సున్నపు గుట్ట దాటగానే, ఫోన్లు చేతుల్లో పట్టుకుని జనం లేచి ఎడమ ఒడ్డు వైపు నిలబడ్డారు. లాంచీ ఒరిగిపోతుందేమోనని భయమేసింది. చెక్కమెట్ల దగ్గర దిగినవాళ్ళను టీచరమ్మ పేరు పేరునా పిలుస్తుంటే, నేను పక్కన నిలబడి లెక్కపెట్టాను. నూట పద్నాలుగు మంది.

ఈ కథ మీ పిన్ని పిల్లలకి చెప్పండి, తర్వాత మీ పిల్లలకీ చెప్పండి. పీతలు మెట్లెక్కాయని తెలెస్ఫోరో అన్నాడని చెప్పండి, నేను అన్నానని చెప్పకండి. నూట పద్నాలుగుని మాత్రం నూట పదిహేను చెయ్యకండి.