రెండిళ్ల చుట్టూ ఒకే సున్నపు గీత

అలగంటే ఎలగ మేడం? అర్జీల గడువైపోనాదని సెప్పి ఆ కంప్యూటరు మూసేస్తే మా ఇల్లు దాని లోపలే ఉండిపోదేటి?

నేదండి, కూకోను. నిలబడే సెప్తాను. కూకుంటే ఏడుపొచ్చేస్తాది.

మీ ఆఫీసు గోడమీద డ్రోను సర్వే పటం అతికించినప్పుడు మేం సూసుకోలేదు, నిజమే. ఎలగ సూసుకుంటాం మేడం? ఊరంతా తేనెపట్టులాగ గడులు గడులు. ఒక్కో గడికి ఒక్కో నంబరు. అందులో మా నాన్న ఎక్కడున్నాడో మాకేటి తెలుస్తాది? మొన్న పక్కింటి థామస్ మావయ్య మా వంటపాక ముందు రాయి పాతితే అప్పుడు తెలిసినాది. రెండిల్లూ ఒకే నంబరంట. ఆ నంబరు మీద ఆయన పేరంట. కొడుక్కీ కోడలికీ స్లాబిల్లు కడతాడంట, క్రిస్మసు లోపల మమ్మల్ని కాళీ సెయ్యమన్నాడు.

మావయ్యంటే సుట్టం కాదండి, పిలుపంతే. ఆయనా మా నాన్నా ఒకే రోజు వంశధారలో బాప్తిస్మం తీసుకున్నారు.

మా నాన్న తాపీమేస్త్రీ. సుందరరావు మేస్త్రీ అంటే నరసన్నపేటలో ఎవలైనా సెప్తారు. ఊరందరికీ గోడలు కట్టినోడు, తనింటికీ థామస్ మావయ్య ఇంటికీ మజ్జిన మాత్రం గోడ కట్టలేదు. "ములగసెట్టుంది కదే, అదే హద్దు. కాయ ఎటు పడితే ఆ ఇంటోల్లు వండుకుంటారు" అనేవోడు.

అదిగో, బయట బల్లమీద కూకున్నాడు సూడండి, తెల్లసొక్కా. అది ఆదివారం సొక్కా, ఈయేల మీ కోసం ఏసుకున్నాడు. ఒల్లో సంచిలో ఏటున్నాదో తెల్సా? టేపు, ఇనప గుండు, మట్టం సూసే గొట్టం. "మేడం గారి ముందే కొలిసి సూపిస్తానే అమ్మా, టేపు అబద్ధమాడదు" అన్నాడు. ఆటోలో దారంతా అదే మాట. "పైనెగిరే పురుగుకేటి తెలుస్తాదే మన గోడల సంగతి?"

నవ్వకండి మేడం. నవ్వలేదా? సరే.

అవునండి, అర్జీలో అదే రాసేం. డ్రోను తప్పు సూసిందనీ, ట్యాబు పట్టుకొచ్చిన మీ మనిషి పని బేగి తేలిపోవాలని ఎవలిదో దొంగసంతకం పెట్టేసేడనీ. నాన్న సెప్తే నానే రాసేను.

ఏటండీ ఆ కాయితం? ఆ సంతకమున్నదేనా?

నేదు... నాకు సూపించక్కర్లేదండి. తలుపు కొంచెం దగ్గరకెయ్యనా?

షీబా ఎజ్రా ఎవలని అడుగుతన్నారు. థామస్ గారి కోడలా అంటన్నారు. కాదండి. ఆ కోడలి పేరు అనిత. బొబ్బిలి పిల్ల. ఎజ్రాకీ ఆ పిల్లకీ మొన్న ఏసంగిలోనే పెల్లయినాది.

షీబాని నానేనండి. బయట కూకున్న ఆయన కూతుర్ని.

ఆ పేరు నాను ఇంటరు నోటుబుక్కు ఎనకట్ట మీద రాసుకునేదాన్ని. షీబా ఎజ్రా, షీబా ఎజ్రా, అట్ట నిండా. సదువు మజ్జిలో మానీసేను గానీ ఆ పేరు రాయడం మానలేదు. ఎజ్రా చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. అందరూ పాట ఆపీసినాక కూడా ఒక్క ఏలు ఒక్క మెట్టుమీద ఉంచీసి నాకేసి సూసేవోడు. ఆ సప్పుడు సన్నగా అలగే ఉండీది. మీరెప్పుడైనా ఇన్నారేటి మేడం, ఒక్కలి కోసమే మోగే సప్పుడు?

సరే, సంగతికొస్తాను. మైకు ఆటో వచ్చినాది కదండి, రేపు డ్రోను తిరుగుతాది, ఎవలింటి సుట్టూ ఆల్లు సున్నం గీత గియ్యండి, పైనుంచి అదే కనిపిస్తాది అని. నాన్న అప్పుడు చీపురుపల్లిలో పన్లో ఉన్నాడు. ఫోన్లో "ములగసెట్టుకాడికి గియ్యే అమ్మా" అన్నాడు. అంతే. ఆ మాట ఇనుంటే సరిపోయీది.

మేం ముగ్గెయ్యం కదండి, క్రిస్టియన్లం. పక్కీదిలో కుమారి వాళ్ల వాకిట్లో ముగ్గేస్తంటే సిన్నప్పట్నించీ నిలబడి సూసేదాన్ని. ఆ రోజు మా వాకిట్లోకీ సున్నం వచ్చినాది, గవర్నమెంటే గియ్యమన్నాది! రెండేల్ల మజ్జినుంచి ఎలగ జారనివ్వాలో కుమారి నేర్పినాది. పొడి జారతంటే ఒల్లు జల్లుమన్నాది. గీసుకుంటా గీసుకుంటా ములగసెట్టుకాడికొచ్చేను.

అక్కడ ఎజ్రా ఉన్నాడు. "ఒసే, ఇక్కడ తిప్పుతావేటే? రేపొద్దున్న ఇటే వస్తావు కదా, మల్లీ ఎవలు సెరుపుతారు? తిన్నగా పోనీ" అన్నాడు.

తిన్నగా పోనిచ్చేను మేడం. ఆల్లిల్లు కూడా సుట్టి తెచ్చి మా గుమ్మంకాడ కలిపేను.

మర్నాడు డ్రోను మా నెత్తిమీద కాసేపు ఆగినాది. సెయ్యూపేను. దేవుడికి ఎలగ కనిపిస్తామో దానికీ అలగే కనిపించేం, ఒక్క గీతలో ఇద్దరం, అనుకున్నాను. ఎంత ఎర్రిదాన్ని!

నాన్న ఇంకా పన్నుంచి రాకముందే ట్యాబుతో మీ మనిషొచ్చి "ఇది ఒకిల్లా రెండా?" అన్నాడు. "ఒకటే కుటుంబమయ్యా, పెద్దోన్ని నాను" అన్నాడు మావయ్య. మీ మనిషి నాకేసి సూసేడు. నాను అవునూ అన్నేదు, కాదూ అన్నేదు. తలొంచుకొని నవ్వేను. ఈ కాయితం మీద సంతకం పెట్టమ్మా అన్నాడు. పెన్ను సేతికందగానే అలవాటైన పేరు అదే రాసుకుపోనాది. కింద ఒక సుక్క కూడా ఉన్నాది సూడండి. నోటుబుక్కులోనూ అలగే పెట్టేదాన్ని.

మావయ్య ఆ రోజు నన్ను నిజంగా కోడలిగానే అనుకున్నాడో ఏటో! బొబ్బిలి సంబంధం ఆ తర్వాతే కదా వచ్చినాది. మొన్న అడిగితే "గీత గీసిందెవలే పిల్లా? నువ్వు కాదేటి?" అన్నాడు. నాన్న లేనప్పుడు అన్నాడు. ఆపాటి దయున్నాది.

ఎజ్రానా? ఎదురైతే తల తిప్పుకుంటాడు. కానీ మేడం, ఆ రోజు ములగసెట్టుకాడ ఆడు మోసంతో అన్నేదు. మోసమైతే గొంతు అలగుండదు. సూడండి, ఇల్లు పోతన్నా నా బుద్ధి ఇంకా ఎక్కడున్నాదో.

తెల్సండి. థామస్ మావయ్య ఒప్పుకొని సంతకం పెడితే మారుస్తారు, నేకపోతే కోర్టు. ఆయన పెట్టడు. కోర్టుకెల్తే ఈ కాయితం బయటికి తీస్తారు. అప్పుడు దొంగెవలో నాన్న సూస్తాడు.

నాన్నకి సెప్పీద్దామని మూడుసార్లు నోరు తెరిసేను. రాత్తిరి అన్నం ముందు ప్రార్థన సేసుకుంటా "ప్రభువా, ఆ ఎగిరే మిషను పొరపాటు దిద్దు" అంటాడు మేడం. నాను ఆమెన్ అంటాను.

అదిగో, పిలుస్తన్నాడు. వస్తన్నాను నాన్నా!

ఇల్లిప్పించమని ఇంక అడగను. ఆ కాయితం మల్లీ ఫైల్లో అడుక్కి పెట్టీయండి. రేపొకపాలి మా ఇంటికాడికొచ్చి ఆయన్ని కొలవనీయండి, అంతే. కొలిసినా ఏటీ రాదని మీకూ తెల్సు, నాకూ తెల్సు. ములగసెట్టు కూడా కొట్టీసేరు, ఎక్కడికని కొలుస్తాడు? అయినా కొలవనీయండి.

టేపు ఒక కొస తను పట్టుకుంటాడు. రెండో కొస పట్టుకోడానికి నన్నే పిలుస్తాడు. ఎల్లి పట్టుకుంటాను. ఇంకేటి సేస్తాను?